ఈశాన్యంలో ఎర్రమందారం

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ తలుపు కాస్త గట్టిగా వేసి రండి, లేకపోతే గాలి మనకంటే ముందు వచ్చి కూర్చుంటుంది. కాళ్ళ మీద దుప్పటి కప్పుకోండి. టీ తర్వాత పెడతాను. మధ్యలో లేస్తే నాకు మాట తెగుతుంది.

మేముండేది న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లో. మా అమ్మాయి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగం. ఊరు అట్లపెనంలా చదునుగా ఉంటుంది. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి. వాటిని ఊరికే పెట్టలేదని వచ్చిన మొదటి వారంలోనే నా పైటకొంగుకు తెలిసింది.

ఈ కథలో అసలు మనిషి మా వదినగారు. అంటే అల్లుడి తల్లి, నా వియ్యపురాలు. మాది తెనాలి వైపు, వాళ్ళది గుంటూరు. వియ్యపురాళ్ళం ఒకరినొకరం వదినగారూ అనుకోవడం మా వైపు మర్యాద. ఆ ‘గారూ’ చాటున ఎన్ని మాటలు విసురుకోవచ్చో పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

పోయిన వేసవికి ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు. ఇక్కడ వేసవి అంటే డిసెంబరు, జనవరి. వచ్చీ రాగానే ఫోనులో దిక్సూచి తెరిచి ఇల్లంతా తిరిగారు. వాస్తు ఆవిడకు ప్రాణం. వారం తిరిగేసరికి ఫ్రిజ్ మూల మారింది, అద్దం గోడ మారింది, ఆఖరికి చెత్తడబ్బాకు కూడా దిక్కు కుదిర్చారు. మున్సిపాలిటీ వాళ్ళ బండి ఏ దిక్కు నుంచి వస్తుందో ఒక్కటే ఆవిడ చేతిలో లేకపోయింది.

ఆవిడే మొక్కల దుకాణంలో ఒక ఎర్రమందారం కొనిపించారు. ఒంటిరేకుది, మన దొడ్లలో ఉండేదే. రోజూ వినాయకుడికి ఎర్రమందారం పెట్టందే ఆవిడ కాఫీ ముట్టరు. పెద్ద కుండీలో పెట్టి, ఆ వేసవంతా రోజుకో పువ్వు చొప్పున పూయించారు. ఆ మాట కాదనకూడదు, ఆవిడ చెయ్యి మంచిదే.

ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం వచ్చింది. పెట్టెలు కారులోకి ఎక్కించాక ఆవిడ పెరట్లోకి వెళ్ళి, కొడుకు చేత కుండీ ఎత్తించి, ఇంటి వెనక నైరుతి మూలలో చెక్క కంచె పక్కన పెట్టించారు.

“వదినగారూ, బరువు నైరుతిలో ఉండాలి. ఈశాన్యం ఖాళీగా ఉండాలి. నా కొడుకు ఇల్లు చల్లగా ఉండాలంటే ఈ కుండీ ఇక్కణ్ణుంచి కదలకూడదు. నేను మళ్ళీ వచ్చేసరికి ఇది మొగ్గలతో ఎదురు రావాలి” అన్నారు.

“అలాగే వదినగారూ, నా కంట్లో పెట్టుకుని చూసుకుంటాను” అన్నాను.

“కంట్లో వద్దు, కుండీలోనే ఉంచండి. మీ చేతి గురించి నేనేమీ అనటం లేదు. అనుకుంటే ఆ కరివేపాకే అనుకోవాలి, పాపం.”

అంతకు ముందు ఏడు చలికి నా కరివేపాకు మొక్క పోయింది. అది ఆవిడకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అల్లుడు మాత్రం ఆ క్షణంలో కారు టైర్లలో గాలి ఉందో లేదో చూడ్డానికి వంగాడు.

కారు వెళ్ళిపోయాక మా అమ్మాయి వంటింట్లో నన్ను పట్టుకుంది.

“అమ్మా, ఆ మొక్క గనక పోయిందంటే నీకేం, నువ్వు నవ్వేసి ఊరుకుంటావు. పడేది నేను. పెళ్ళిలో రెండో పంక్తికి అప్పడాలు చాల్లేదని ఆవిడ ఇప్పటికీ చెప్తారు. అప్పడం తిని అరిగిపోయేదే. ఇది మొక్క. ఎండిపోయి కళ్ళ ముందే నిలబడుతుంది.”

అది నవ్వుతూనే అంది గానీ, గరిటె పట్టుకున్న చెయ్యి నవ్వలేదు. ఆసుపత్రిలో పగలూ రాత్రీ చాకిరీ చేసి వచ్చే పిల్ల, ఇంట్లో ఒక మందారం మాట ఎందుకు పడాలి? ఆ మొక్క బతకాలి, పూయాలి, అంతే అనుకున్నాను.

మే నెల వచ్చింది. ఆకులు పసుపెక్కడం మొదలుపెట్టాయి. మనకు తెలిసిన వైద్యం ఒకటే కదా, ఆకు వాడితే చెంబెడు నీళ్ళు. పోశాను. ఇంకా పసుపెక్కాయి. బకెట్టెడు పోశాను. రాలాయి. లోపలికి తెచ్చి పెడితే హీట్ పంపు వేడిగాలికి ఆకు అప్పడంలా ఎండింది, పైగా కార్పెట్ నిండా మట్టి. మా అమ్మాయి మొహం చూసి మళ్ళీ బయట పెట్టేశాను.

ఒకరోజు కంచె అవతలి నుంచి పక్కింటి పెద్దాయన తల పెట్టి చూశాడు. కివీ ఆయన, అంటే ఈ దేశపు మనిషే, ఒక్కడే ఉంటాడు, ఎప్పుడు చూసినా చేతిలో కత్తెర. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, ఆయన తెలుగు అదీ లేదు. అయినా మొక్క దగ్గర నిలబడితే ఇద్దరు ముసలివాళ్ళకు భాష ఎంత కావాలి? కుండీ మట్టి తాకి ‘టూ వెట్’ అన్నాడు. ఇంటి నీడ చూపించి ‘టూ కోల్డ్’ అన్నాడు. తర్వాత ఇంటి అవతలి వైపు వేలు చూపించి, “సన్, నార్త్” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి పోవడమే చూశాను. ఈయనేమిటి, ఉత్తరం అంటాడు? పెద్దాయనకు మతి తప్పుతోందేమో అనుకున్నాను. కానీ మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోంచి బయటికి వచ్చి చూద్దును కదా, ఇల్లంత నీడా సరిగ్గా మా వదినగారి మందారం నెత్తిన పడి ఉంది. పొద్దున కురిసిన మంచు ఆ మూలలో గడ్డి మీద ఇంకా తెల్లగానే ఉంది. ఇంటి ముందు వైపు వెళ్ళి చూస్తే ఎండ ఎండలాగే కాస్తోంది, అదీ ఉత్తరం నుంచి. ఈ దేశంలో సూర్యుడు ఆ వైపే తిరుగుతాడని అల్లుడికి తెలుసు, అమ్మాయికి తెలుసు, చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. కుండీ పెట్టిన రోజు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. దిక్సూచి చూశారు, తలెత్తి ఆకాశం చూడలేదు.

మరి ఎండ ఉండి, గాలి లేని చోటు ఎక్కడ? వాయవ్యంలో ఎండ ఉంది గానీ, కొండల మీంచి వచ్చే గాలి అక్కడే చెంపదెబ్బ కొడుతుంది. మిగిలింది ఒక్కటే మూల. గరాజు అడ్డం ఉంటుంది, వెనక ఇటుక గోడ, మధ్యాహ్నానికి ఆ గోడ చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉంటుంది. అది ఏ మూలో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఈశాన్యం.

అల్లుడు ఆఫీసుకు వెళ్ళగానే చక్రాల చెక్క ఒకటి కుండీ కిందకు తోసి, మందారాన్ని ఊరేగింపుగా ఇంటి చుట్టూ తిప్పి ఇటుక గోడకు ఆనించాను. నీళ్ళు తగ్గించాను. సాయంత్రం మంచు పడకముందే నా పాత వాయిల్ చీర ఒకటి నెత్తి మీంచి కప్పి, నడుముకు తాడు కట్టేదాన్ని. ఒకరోజు మసక చీకట్లో పక్కింటాయన అటు పోతూ టోపీ తీసి దానికి ‘గుడ్ ఈవెనింగ్’ చెప్పాడు. అది పలకకపోయేసరికి నాకు కోపమొచ్చిందేమో అనుకుని మర్నాడు నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. నేను ఆ నిమ్మకాయలు తీసుకున్నానే గానీ, వివరాలలోకి పోలేదు.

అయితే నైరుతి మూల బోసిగా కనిపిస్తోంది. అల్లుడు వంటింటి కిటికీలోంచి చూస్తే కుండీ లేదని తెలిసిపోతుంది. దానికీ పక్కింటాయనే దారి చూపించాడు, ఆయనకు తెలియకుండానే. వాళ్ళ కంచె పక్కన ఒక చెట్టు ఉంది. ఒక్క ఆకు లేదు, చీపురు తిరగేసి పాతినట్టు పుల్లలు. చచ్చిన చెట్టును ఈయన ఎందుకు ఉంచుకున్నాడో పాపం, పీకే ఓపిక లేదేమో అని నేను జాలిపడుతుండేదాన్ని. చూస్తే అదీ మందారమేనట! చలికి తట్టుకునే రకం. చలికాలమంతా నిద్రపోయి, ఎండలు వచ్చాక మెల్లగా లేచి, వేసవి చివర్లో పూస్తుందట. రెండు చేతులు చెంప కింద పెట్టుకుని గురక పెట్టి చూపించాడు. మందారం ఆకు రాల్చడం ఏమిటి, మన దేశంలో ఏ మందారమైనా ఇంత సిగ్గు లేకుండా నిలబడుతుందా అని తెలుగులోనే అన్నాను. ఆయన సంతోషించి, దాని పిలక ఒకటి కుండీలో పెట్టి నాకిచ్చాడు. నీ ఎర్రది ఈ చలికి ఉండదు, ఇది ఉంచుకో అన్నట్టు.

నా ఎర్రది పోవాలని ముహూర్తం పెట్టేశాడే అని ఒళ్ళు మండింది. కానీ కుండీ అచ్చం మా కుండీలాగే ఉంది. తీసుకెళ్ళి నైరుతిలో పెట్టాను. అల్లుడు చీకట్లో వెళ్ళి చీకట్లో వస్తాడు. కిటికీలోంచి కుండీ కనిపిస్తోంది, చాలు. ఆ కుండీలో ఏముందో చూసే తీరిక ఎవరికుంది?

చిక్కల్లా ఆదివారాలతో వచ్చింది. ఆదివారం మాకు మధ్యాహ్నం అయ్యేసరికి వదినగారికి అక్కడ తెల్లవారుజాము. లేస్తూనే వీడియో కాల్. “ముందు నా మందారాన్ని చూపించండి” అనేవారు. కొడుకు మొహం తర్వాత. అందుకని ఆదివారం అల్లుడు నిద్ర లేవకముందే ఎర్రది నైరుతికి, పుల్ల గరాజులోకి. కాల్ అయ్యాక ఎర్రది ఈశాన్యానికి, పుల్ల నైరుతికి. ఆకులు తిరిగి పచ్చబడుతుంటే ఆవిడ అక్కడ గుంటూరులో మురిసిపోయేవారు.

“చూశారా వదినగారూ, దిక్కు మహిమ! నైరుతిలో పెట్టబట్టి ఈ చలికి తట్టుకుంది.”

“అవును వదినగారూ, అంతా ఆ మూల చలవే” అనేదాన్ని.

అలా రోజులు గడుస్తుండగా ఒక ఆదివారం ముసురు పట్టింది. నేను పకోడీలు వేస్తూ, ఈ వానలో ఆవిడకు మొక్క ఎవరు చూపిస్తారులే అని ఊరుకున్నాను. నా ఫోను మోగింది. అల్లుడికి ఆవేళ ఎక్కడలేని మాతృభక్తి పుట్టుకొచ్చి, గొడుగు వేసుకుని, ఫోను పట్టుకుని నేరుగా నైరుతికి నడిచాడు.

పకోడీల చప్పుడులోంచి కూడా వినిపించింది కేక.

“ఒరేయ్! నా మందారం ఏదిరా? ఈ పుల్లేమిట్రా?”

“అమ్మా... అది... చలికాలం కదా, ఆకులు రాలాయేమో...”

“మందారం ఆకు రాల్చడమేమిట్రా? పోయిన ఆదివారం పచ్చగా ఉన్నది ఈ ఆదివారానికి పుల్లయిందా? నిజం చెప్పు, పోయిందా? మీ అత్తగారి చేతిలో పెట్టినప్పుడే అనుకున్నాను!”

ఇక్కడ మా అమ్మాయి సింకు దగ్గర గిన్నె వదిలేసి నా వైపు చూసింది. పొయ్యి ఆపి, వానలో పరిగెత్తి, అల్లుడి చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

“వదినగారూ, కంగారు పడకండి. అది పక్కింటాయన మొక్క. మీదాన్ని... ఆకులు కడగడానికి అవతలికి తీసుకెళ్ళాను.”

“వాన కడుగుతోంది కదా?”

“సబ్బుతో కడుగుతున్నాను. పురుగు పట్టకుండా.”

“ఏదీ, చూపించండి.”

“మీరు తడుస్తారు బాబూ, లోపలికి వెళ్ళండి” అని అల్లుణ్ణి గద్దించి, నేనే ఫోను పట్టుకుని ఈశాన్యానికి వెళ్ళాను. ఆకుల దగ్గరగా పెట్టి చూపించాను, ఆకు తప్ప ఇంకేదీ కనపడకుండా. ఆవిడ తెరకు మొహం ఆనించి చూశారు.

“వెనక ఎర్రగా ఏమిటి వదినగారూ? ఇటుక గోడలా ఉంది. నైరుతిలో చెక్క కంచె కదా?”

“ఈ ఫోను వానకు రంగులు మారుస్తోంది వదినగారూ.”

ఆవిడ మెల్లగా, “నేనే వస్తున్నాను” అన్నారు. కాల్ పెట్టేశారు.

వెనక్కి తిరిగితే అల్లుడు గొడుగుతో అక్కడే ఉన్నాడు. కుండీని చూశాడు, గోడను చూశాడు, నడుముకు తాడుతో పక్కన వేలాడుతున్న నా చీరను చూశాడు. జేబులోంచి ఫోను తీయబోయి, దిక్సూచి చూడకుండానే మళ్ళీ లోపల పెట్టేసుకున్నాడు.

“మీరు చూడలేదు బాబూ” అన్నాను.

“నేను చూడలేదత్తయ్యా” అన్నాడు. “పకోడీలు మాడిపోతున్నట్టున్నాయి.”

క్రిస్మస్‌కు రావలసిన మనిషి నవంబరుకు టికెట్ మార్పించుకున్నారు. చలి వెనకపట్టు పట్టింది. కొమ్మల కొసలు కత్తిరించాను, అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు పోశాను. అక్టోబరు చివర్లో చూస్తే కొసన చిన్న చిన్న మొగ్గలు! జొన్నగింజంత ఉన్నప్పటి నుంచి ఒక్కొక్కదాన్నీ పలకరించాను. ఆ ఆదివారం అలవాటు ప్రకారం నైరుతికి జరిపానా, మర్నాటికి రెండు మొగ్గలు పసుపెక్కి రాలి పడ్డాయి. పక్కింటాయన రాలినవి చేతిలో పెట్టుకుని తల అడ్డంగా తిప్పాడు. మొగ్గ మీద ఉన్న మందారాన్ని జరపకూడదు, చోటు మారితే కోపం వచ్చి మొగ్గలు పారేస్తుందట. ఈ మొక్కకు మా వదినగారి పోలికలు బాగానే వచ్చాయి అనుకున్నాను.

పక్కింటాయన చెప్పిన ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది. ఎందుకంటే ఆవిడ వచ్చే రోజు రానే వచ్చింది.

అల్లుడు ఎయిర్‌పోర్టుకు వెళ్ళాడు. మొక్క నిండా మొగ్గలు. ఒకటి ఇవాళో రేపో విచ్చేలా ఎర్రగా కొస చూపిస్తోంది. బయట దక్షిణపు గాలి, చెవులు కోసేస్తోంది. నేను చక్రాల చెక్క తెచ్చి కుండీ పక్కన పెట్టి నిలబడిపోయాను. జరిపితే మాట నిలబడుతుంది, మొగ్గలు నిలబడవు. జరపకపోతే మొగ్గలుంటాయి, నేను దొరికిపోతాను.

మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది వచ్చినట్టే పెరట్లోకి వచ్చింది. “అమ్మా, జరిపెయ్యవే. మొగ్గలు మళ్ళీ వస్తాయి. ఆవిడ నోట మాట వస్తే మళ్ళీ వెనక్కి పోదు.”

కుండీ అంచు పట్టుకున్నాను. ఒక్క అంగుళం వంచాను కూడా. ఆ విచ్చుకోబోయే మొగ్గ నా ముంజేతికి తగిలింది. వదిలేశాను.

“ఉండనీవే. ఆవిడ చెప్పిన చోట పుల్ల ఎవడైనా పెడతాడు. పువ్వు చూపిస్తానన్నాను, పువ్వే చూపిస్తాను. తిట్టేదేదో నన్నే తిడతారు, నేను నిలబడే ఉంటాను” అన్నాను. చక్రాల చెక్క దానికిచ్చి గరాజులో పడేయమన్నాను.

కారు ఆగింది. మా వదినగారు మంకీ క్యాపుతో దిగారు. లోపలికి రాలేదు, చెప్పులతోనే ఇంటి పక్కగా నైరుతికి నడిచారు. వెనక మేం ముగ్గురం, శవయాత్రలో లాగా. అక్కడ పక్కింటాయన పుల్ల ఉంది. ఎప్పుడు లేచిందో, కణుపు కణుపుకూ చిన్న చిన్న ఆకులు. ఆవిడ దాన్ని పైకీ కిందికీ చూసి, “ఓహో, లేచావా” అన్నారు. ఇంటి చుట్టూ తిరిగి ఈశాన్యానికి వచ్చారు.

ఇటుక గోడకు ఆనుకుని, ఒంటినిండా ఆకుతో, కొసకొసకూ మొగ్గతో ఉంది ఆవిడ మందారం.

ఆవిడ మొక్కను చూశారు. నన్ను చూశారు. తర్వాత తల పైకెత్తి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశారు. ఫోను తీసి దిక్సూచి పెట్టారు. చూసి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ సూర్యుణ్ణి చూశారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, నరం తెగేలా.

“ఒరేయ్” అన్నారు కొడుకుతో. “ఇక్కడ ఎండ ఉత్తరాన్నుంచి వస్తోందేమిట్రా?”

“అవునమ్మా. ఇక్కడంతే.”

“మరి నాకు చెప్పవేం? పోయిన వేసవిలో నా వడియాలు వెనక వైపు పెడితే బూజు పట్టి, ఈ దేశాన్ని నానా తిట్లూ తిట్టుకున్నాను.” వేలితో గాలిలో ఒక చుట్టు గీశారు. “ఎండ అటునుంచి ఇటు మారినప్పుడు మూలలు మారవూ? మనకు ఆగ్నేయం ఏదో, ఇక్కడ ఈశాన్యం అదే. అంటే ఇది అగ్నిమూల. ఎర్రమందారం అగ్నిమూలలో కాక ఇంకెక్కడుంటుంది? సరైన చోటే ఉంది.”

తాను పొరబడ్డానని ఒక్క ముక్క అనడానికి బదులు, ఆ మహాతల్లి నాలుగు దిక్కులనూ పట్టుకుని తిరగేసింది!

పక్కకు వచ్చి నాకొక్కదానికే వినపడేలా, “ఫోను రంగులు మారుస్తుందన్నారు, వదినగారూ. గోడలు కూడా మారుస్తుందని తెలియదు” అన్నారు. మొహంలో నవ్వు లేదు. కళ్ళు మాత్రం నాకు తోడుదొంగల్లా ఉన్నాయి.

అక్కడితో వదిలిపెట్టారా? దిక్కులు తిరిగాక ఇల్లు ఊరుకుంటుందా? ఫ్రిజ్ మళ్ళీ కదిలింది, అద్దం మళ్ళీ కదిలింది. సాయంత్రం కాఫీ తాగుతూ మెల్లగా అన్నారు.

“ఇంటికి పెద్దవాళ్ళు నైరుతి గదిలో పడుకోవాలి. ఇక్కడ నైరుతి అంటే వాయవ్యమన్నమాట. వదినగారూ, మీ గది ఎటుంది?”

నా గది సరిగ్గా వాయవ్యమే. ఇంట్లో సాయంత్రం దాకా ఎండ నిలిచే గది అదొక్కటే. అల్లుడు నా దిండూ దుప్పటీ మోసుకుంటూ వెనక గదికి వస్తూ, “సారీ అత్తయ్యా” అని గొణిగాడు. “పరవాలేదు బాబూ, ఇంకో రెండు దుప్పట్లు కూడా తెచ్చి పడేయండి” అన్నాను.

మర్నాడు పొద్దున మొదటి పువ్వు విచ్చింది. అరచేయంత, నిప్పురవ్వలా. వదినగారు నా వెచ్చని గదిలో హాయిగా నిద్రపోయి లేచి, స్నానం చేసి, దాన్ని కోసి వినాయకుడి నెత్తిన పెట్టారు. కాఫీ గ్లాసు అందుకుంటూ మా అమ్మాయితో అన్నారు.

“దిక్కు నాది గానీ, చెయ్యి మాత్రం మీ అమ్మదేనమ్మా. ఈ చలికి నేనైనా ఇలా బతికించలేను.”

మా అమ్మాయి వెనక్కి తిరిగి పంచదార డబ్బా కోసం వెతికింది. డబ్బా దాని చేతిలోనే ఉంది. ఆ ఒక్క మాటకు నేను ఆ చలిగదిలో ఇంకో రెండు చలికాలాలు పడుకుంటాను. ఆవిడతో మాత్రం అనకండి, నిజంగానే పడుకోబెడతారు.

ఇంతసేపు కదలకుండా విన్నారు, సంతోషం. మీ ఇంట పొయ్యి మీద పాలు పొంగాలే గానీ మాట పొంగకూడదు. మీ ఆడపిల్ల ఏ గడపలో ఉన్నా మంచిమాటతో పొద్దు మొదలవ్వాలి. మీ వాకిట్లో వేసిన మొక్క వేసినచోట వేళ్ళూనాలి. మీరు పడుకునే గదిలో సాయంత్రం దాకా ఎండ నిలవాలి, దాని మీద ఏ వియ్యపురాలి కన్నూ పడకూడదు. చల్లగా ఉండండి, కానీ చలిలో మాత్రం ఉండకండి.